రాయప్ప తాత, పీటర్ మనవడు



ఈ వారం నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకొని మొదలుపెడతాను. పాపసంకీర్తన పీఠంలో ఎప్పుడూ వినేవైపు కూర్చునేవాడికి అప్పుడప్పుడు ఇది కూడా మంచిదే.

తపస్సుకాలంలో ఒక ఆదివారం. ఆనాటి సువిశేషం తప్పిపోయిన కుమారుని ఉపమానం. ఇల్లు విడిచి వెళ్లిన కొడుకు తిరిగి వస్తుంటే తండ్రి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఎదురు పరుగెత్తి కౌగిలించుకున్నాడని అరగంట సేపు చెప్పాను. పూజ ముగిసి, గుడి మెట్ల మీద నిలబడి అందరినీ పలకరిస్తుండగా మన గాయకబృందంలో కీబోర్డు వాయించే కుర్రవాడు వచ్చాడు. హైదరాబాదులో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చినవాడు. ముఖం వెలిగిపోతూ, "ఫాదర్, ఇవాళ మీ ప్రసంగం అరాచకం!" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "గుడి ముందు నిలబడి గురువుతో మాట్లాడే పద్ధతి ఇదేనా? పట్నం పంపి చదివిస్తే నేర్చుకున్నది ఇదా?" అన్నాను. చుట్టూ ఉన్న పెద్దలు నిజమే అన్నట్టు తలలూపారు. కుర్రవాడు "సారీ ఫాదర్" అని తల వంచుకొని వెళ్లిపోయాడు. మరుసటి ఆదివారం కీబోర్డు దగ్గర ఎవరూ లేరు. ఆపై ఆదివారమూ లేరు. మూడో వారం గాయకబృందంలో పాడే ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి, చెప్పాలా వద్దా అని సందేహిస్తూ, "ఫాదర్, అరాచకం అంటే చాలా చాలా బాగుందని. వాడు మిమ్మల్ని మెచ్చుకున్నాడు" అంది.

పరుగెత్తి కౌగిలించుకున్న తండ్రి గురించి అరగంట చెప్పినవాణ్ణి, ఆ మాట నోట్లో ఆరకముందే కొడుకును మెట్ల మీదనుంచి తోసేశానన్నమాట.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. "నాయనా, నువ్వు నన్ను పొగిడితే నేను నిన్ను తిట్టాను. క్షమించు" అన్నాను. వాడు సిగ్గుపడి నవ్వాడు. వాళ్లమ్మ నవ్వింది. కాని వసారాలో నులకమంచం మీద కూర్చున్న తాత నవ్వలేదు. "మీకంటే చెప్పేవాళ్లున్నారు స్వామీ. మాకెవరు చెబుతారు? ఇంట్లో పిల్లలంతా మాట్లాడుకుంటుంటే నేను పరాయి ఊరికి వచ్చినవాడిలాగా కూర్చుంటున్నాను. వాళ్లు నవ్వితే నన్ను చూసి నవ్వుతున్నారేమో అనిపిస్తుంది" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. మనుషులు ఒకే ఇంట్లో, ఒకే కుండ కూడు తింటూ, ఒకరి మాట ఒకరికి అందక పరాయివాళ్లు అవుతున్నారు. ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. అందుకే ఈ ప్రశ్న వేస్తున్నాను: తెలియని మాట చెవిన పడినప్పుడు క్రైస్తవుడు చేయవలసింది ఏమిటి?

ముందుగా పెద్దల ఫిర్యాదు విందాం. "భాష చెడిపోయింది" అంటారు. అరాచకం అంటే రాజు లేని దేశంలో జరిగే అన్యాయం కదా, అది మెచ్చుకోలు ఎలా అవుతుంది? ఖతర్నాక్ అంటే ప్రమాదకరమని అర్థం కదా, వంట బాగుంటే ఖతర్నాక్ అంటారేమిటి? ఘనుణ్ణి తోపు అంటారు, ఆడపిల్లతో కబుర్లాడితే పులిహోర కలపడం అంటారు, పట్టించుకోవద్దని చెప్పడానికి లైట్ తీస్కో అంటారు. ఇదేం తెలుగు?

న్యాయమైన ప్రశ్నే. అయితే మన తెలుగు చరిత్ర దీనికి ఒక జవాబు చెబుతుంది. ఒకప్పుడు కంపు అంటే సువాసన. కన్నడంలో ఇప్పటికీ అదే అర్థం. మన దగ్గర మాత్రం ముక్కు మూసుకోవలసిన వాసన అయింది. చీర అంటే ఒకనాడు ఏ బట్టయినా సరే. ఇప్పుడు స్త్రీలు కట్టేది మాత్రమే. ఛాందసుడు అంటే వేదం చదివినవాడు. ఇప్పుడు లోకం తెలియని మొండివాడు. కైంకర్యం అంటే దేవునికి చేసే సేవ. ఇప్పుడు సంఘం డబ్బు మింగినవాడిని కైంకర్యం చేశాడు అంటాం. ఇలా కిందికి జారిన మాటలున్నట్టే పైకెక్కిన మాటలూ ఉన్నాయి. వైతాళికుడు అంటే తెల్లవారుజామున రాజును పాటలు పాడి నిద్రలేపే సేవకుడు. ఇప్పుడు జాతిని మేలుకొలిపిన మహనీయుడు. ఈ మార్పులు చేసింది నేటి పిల్లలు కాదు, మన తాతముత్తాతలే.

తిట్టును మెచ్చుకోలుగా వాడటం కూడా కొత్త కాదు. గొప్ప పనిమంతుణ్ణి మన పెద్దలు "వాడు అసాధ్యుడు" అనేవారు. మా నాయనమ్మ నన్ను ముద్దు చేసినప్పుడల్లా "దొంగ సచ్చినోడా" అనేది. ఆ మాటను నిఘంటువు పట్టుకొని చూస్తే అందులో దొంగతనమూ చావూ తప్ప ఏమీ కనబడవు. నా చెవికి మాత్రం అందులో బెల్లం వినిపించేది. ఇరవయ్యో శతాబ్దపు తత్త్వవేత్త విట్గెన్‌స్టెయిన్ మాటకు అర్థం దాని వాడుకలో ఉందని చెప్పాడు. 1953లో వెలువడిన ఆయన గ్రంథాన్ని సెమినరీలో చదివినప్పుడు నాకు కొరుకుడు పడలేదు. మా నాయనమ్మ తిట్టు గుర్తొచ్చాక పడింది.

ఇంకొంచెం లోతుకు వెళదాం. మన విశ్వాసంలో అన్నిటికంటే తలకిందులైన మాట ఏది? సిలువ. రోము సామ్రాజ్యంలో అది బానిసలనూ తిరుగుబాటుదారులనూ చంపే కొయ్య. మర్యాదస్తులు తమ మధ్య ఉచ్చరించడానికి కూడా జంకిన మాట. ఈనాడు తల్లి తన బిడ్డ నుదుట వేసే గుర్తు అదే. అవమానపు మాట మహిమగల మాటగా మారడం ఎలా సాధ్యమైంది? ఆ కొయ్య మీదికి ప్రభువు ఎక్కాడు కాబట్టి. ఒక మాటకు కొత్త అర్థం రావడమే చెడుగు అనుకుంటే ముందుగా మనం మన మెడలోని గుర్తును తీసివేయవలసి వస్తుంది.

మరో ముచ్చట. ఈమధ్య కుర్రకారు నోట "రిజ్" అనే మాట వినబడుతోంది. ఎదుటివారిని ఆకట్టుకునే నేర్పు అని అర్థమట. 2023లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వారు దాన్ని ఆ సంవత్సరపు మాటగా ఎంచుకున్నారు. అది ఎక్కడినుంచి వచ్చిందని చూస్తే, ఇంగ్లీషులోని కరిస్మాలో నడిమి ముక్క అని పండితుల అభిప్రాయం. ఆ కరిస్మా ఎక్కడిది? గ్రీకుది. పునీత పౌలు కొరింతు సంఘానికి రాస్తూ, పవిత్రాత్మ ఇచ్చే కృపావరాలకు వాడిన మాట అది. మన విచారణలో కరిస్మాటిక్ ప్రార్థన కూటం అని మనం పిలిచే పేరూ దానినుంచే వచ్చింది. పై గదిలో పెద్దలు కరిస్మాటిక్ ప్రార్థన చేస్తుంటే, కింద సైకిళ్ల దగ్గర పిల్లలు రిజ్ గురించి మాట్లాడుకుంటున్నారు. ఇద్దరి నోటా ఉన్నది ఒకే మాట అని ఇద్దరికీ తెలియదు!

ఇక "బ్రో" సంగతి. ఈ మాట అంటే చాలామంది పెద్దలకు చిరాకు. నాకూ మొదట అలాగే ఉండేది. కాని మన ఊళ్లు ఎటువంటివో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మన సంఘస్థుల్లో ఎందరి తాతలో మోతుబరుల వాకిట్లో చెప్పులు విడిచి నిలబడ్డారు. పసిపిల్లలు సైతం తమను ఒరే, ఏరా అని పిలుస్తుంటే అయ్యా, దొరా అని బదులు పలికారు. కులం పేరే తిట్టుగా వినబడేది. ఆ పిలుపులన్నీ అచ్చమైన తెలుగే, అందులో ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు. ఇవాళ భూస్వామి మనవడూ కూలివాని మనవడూ ఒకే కాలేజీ బస్సులో కూర్చొని ఒకరినొకరు బ్రో అంటున్నారు. ఆ పిలుపుతోనే కులం పోయిందని నేను అనను. పోలేదని మనందరికీ తెలుసు. అయినా, సోదరుడా అనే ఆ పిలుపును రెండు వేల ఏళ్లుగా పీఠం మీదనుంచి వాడుతున్నది మనమే. పిల్లలు దాన్ని పొట్టి చేసి వీధిలోకి తెచ్చారు. పొట్టిదైనా అది ఇద్దరినీ ఒకే ఎత్తున నిలబెడుతోంది. కాబట్టి మాట పాతదా కొత్తదా అన్న కొలబద్ద ఒక్కటే పట్టుకుంటే మనం తప్పు తూకం వేస్తాం. అది ఎదుటి మనిషిని నిలబెడుతుందా, పడగొడుతుందా అన్నదే అసలు కొలత.

అలాగని పెద్దల బాధ ఉత్తదని అనుకోకూడదు. దీన్ని మన శ్రీసభ చరిత్రే చెబుతుంది. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న దైవార్చన గురించిన పత్రాన్ని వెలువరించి, పూజలో ప్రజల భాషలకు తలుపు తెరిచింది. నేను పుట్టేనాటికే మన పూజ తెలుగులోకి వచ్చేసింది. అది గొప్ప మేలు. చేసే ప్రార్థన అర్థం కావాలి. తెలియని భాషలో పదివేల మాటల కంటే తెలిసేట్టు చెప్పే అయిదు మాటలు మేలని పౌలువారే రాశారు గదా. కాని మా నాయనమ్మకు మాత్రం ఏదో పోయినట్టుండేది. ఆమెకు చదువు రాదు. లతీను జవాబులు అర్థం తెలియకుండానే కంఠతా వచ్చు. "తెలుగులో దేవుడు మన పొరుగింటాయనలాగా ఉన్నాడురా. అప్పుడైతే దేవుడిలాగా ఉండేవాడు" అనేది. చివరి రోజుల్లో ఆమె మా పేర్లు మరిచిపోయింది, తెలుగు జపాలు మరిచిపోయింది. ఆ లతీను ముక్కలు మాత్రం పెదవుల మీద మిగిలిపోయాయి.

మనిషికి భాష ఒక పనిముట్టు మాత్రమే కాదు. అది కాపురమున్న ఇల్లు. ఇంటికి మరమ్మతు చేయడం మంచిదే కావచ్చు. కాని చీకట్లో తడుముకోకుండా నడవగలిగిన ఇంట్లో గోడలు మారిపోతే ముసలివారు తూలిపడతారు. వారిని చూసి నవ్వడం న్యాయం కాదు.

ఈ బాధ చాలా పాతది. పునీత అగుస్తీనువారు 403 ప్రాంతంలో పునీత జెరోమువారికి రాసిన లేఖ ఒకటుంది. జెరోమువారు అప్పుడు హెబ్రీ మూలం చూసి బైబులును కొత్తగా లతీనులోకి అనువదిస్తున్నారు. ఉత్తర ఆఫ్రికాలోని ఓయా పట్టణంలో, అంటే నేటి లిబియాలోని ట్రిపోలీలో, అక్కడి పీఠాధిపతి ఆ కొత్త అనువాదంనుంచి యోనా గ్రంథం చదివించారు. యోనా తలకు నీడనిచ్చిన మొక్క పేరు దగ్గర జనం ఉలిక్కిపడ్డారు. వారు తరతరాలుగా విన్నది సొరతీగ. కొత్త అనువాదంలో వినిపించింది ఐవీ తీగ. గుడిలో గగ్గోలు పుట్టింది. చివరకు ఆ పీఠాధిపతి, మంద తనను విడిచిపోతుందేమోనని, పాత మాటనే తిరిగి పెట్టవలసి వచ్చిందట. ఒక్క మొక్క పేరు కోసం! జెరోమువారు మాత్రం హెబ్రీలో ఉన్న ఆ మొక్కకు లతీనులో సరైన పేరే లేదని జవాబు రాశారు. అది ఆముదపు మొక్క కావచ్చునని ఇప్పుడు చాలామంది అంటారు.

ఈ కథలో నాకు ఎవరూ మూర్ఖులుగా కనబడరు. జెరోమువారిది సత్యం మీది ప్రేమ. జనానిది తమ తండ్రులనుంచి విన్న మాట మీది ప్రేమ. అగుస్తీనువారిది ఆ రెంటి మధ్య మంద చెదిరిపోకూడదన్న ఆదుర్దా. ఆయనే మరోచోట ఒక చక్కని సంగతి చెప్పారు. లతీనులో హ్రస్వంతో పలికితే ఎముక అనీ, దీర్ఘంతో పలికితే నోరు అనీ అర్థమిచ్చే మాట ఒకటుంది. ఆఫ్రికా జనం చెవికి హ్రస్వదీర్ఘాల తేడా తెలిసేది కాదు. అటువంటప్పుడు బోధకుడు వ్యాకరణానికి కట్టుబడి జనాన్ని తికమకపెట్టేకంటే, పామరుల వాడుకలో ఉన్న తప్పు రూపాన్నే పలికి అర్థమయ్యేట్టు చెప్పడం మేలన్నారు. ఆయన ఒకప్పుడు అలంకారశాస్త్రం బోధించిన పండితుడని మరువకండి.

మన తెలుగులోనూ ఇటువంటి తగాదా నడిచింది. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు బడి పుస్తకాల్లోకి జనం మాట్లాడే భాష రావాలని వాదించినప్పుడు ఆనాటి పండితులెందరో భాష భ్రష్టమవుతుందని మండిపడ్డారు. ఈనాడు ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాం. ఈ వ్యాసం మీకు అర్థమవుతున్నదంటే అందులో ఆయన పుణ్యం కొంత ఉంది.

ఇప్పుడు పిల్లలతో ఒక మాట. మీ మాటలు మీకు ముద్దు. కాదనను. తోటివారితో పంచుకొనే మాటలు స్నేహానికి గుర్తు. కాని న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయం ఒకసారి చదవండి. యోర్దాను రేవు దగ్గర గిలాదువారు కాపుకాసి, దాటవచ్చిన ప్రతివాణ్ణీ షిబ్బోలెత్ అనమన్నారు. ఎఫ్రాయీమువారికి ఆ షకారం పలకదు. సిబ్బోలెత్ అన్నవాణ్ణి అన్నట్టే పట్టుకొని చంపారు. అలా నలభై రెండు వేలమంది కూలారని గ్రంథం చెబుతుంది. ఆ మాటకు అర్థం ధాన్యపు కంకి అని కొందరు, పారే నీరు అని కొందరు చెబుతారు. రెండూ ప్రాణం నిలిపేవే. అదే మాటను కంచెగా పాతినప్పుడు అది ప్రాణం తీసింది. తాత గదిలోకి రాగానే మీరు కావాలని ఆయనకు తెలియని మాటల్లోకి మారిపోతే, అమ్మ ఏమిట్రా అని అడిగినప్పుడు "నీకు తెలీదులే" అని ఫోనులోకి తల దించుకుంటే, మీరు మీ ఇంట్లో యోర్దాను రేవు కడుతున్నారు. కత్తి లేకపోయినా ఆ గాయం గాయమే. అలాగే కొన్ని మాటలు కొత్తవైనా పాతవైనా క్రైస్తవుని నోట రాకూడనివి. ఆడపిల్లను వస్తువుగా చేసే మాట, అంగవైకల్యం ఉన్నవాణ్ణి నవ్వులపాలు చేసే మాట, కులాన్ని తిట్టుగా విసిరే మాట. అందరూ అంటున్నారు అన్నది దానికి జవాబు కాదు.

పెద్దలతోనూ ఒక మాట. తెలియని మాట వినబడినప్పుడు చేయవలసింది మనకు దాదాపు అయిదు వందల ఏళ్ల క్రితమే పునీత లొయోలా ఇగ్నేషియస్‌వారు, మన పాతతరం ఇన్నాసివారని పిలుచుకున్న ఆ పునీతుడు, నేర్పి వెళ్లారు. ఆయన ధ్యానసాధనల గ్రంథం ఆరంభంలోనే ఒక నియమం ఉంది. దాని సారం ఇది: పొరుగువాని మాటను ఖండించడానికి కాక, దానికి మంచి అర్థం చెప్పుకోవడానికే క్రైస్తవుడు ముందుగా సిద్ధపడాలి. మంచి అర్థం తోచకపోతే, ఏ భావంతో అన్నావని అతణ్ణే అడగాలి. ఆ భావంలో పొరపాటు ఉంటే ప్రేమతో దిద్దాలి. ఈ నియమాన్ని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఎనిమిదవ ఆజ్ఞను వివరిస్తూ పేర్కొంటుంది. అబద్ధసాక్ష్యం చెప్పకూడదన్నది ఆ ఆజ్ఞ. తగిన ఆధారం లేకుండా పొరుగువానిలో తప్పుందని మనసులోనే నమ్మేయడం కూడా ఆ ఆజ్ఞను మీరడమే.

గుడి మెట్ల మీద నేను చేసింది అదే. అరాచకం అన్న మాటకు కొత్త అర్థం తెలియకపోవడం నా తప్పు కాదు. తెలియకపోవడం ఎవరికీ తప్పు కాదు. తెలియని మాటకు నా సొంత అర్థం తగిలించి, ఆ అర్థాన్ని బట్టి ఒక పిల్లవాడికి శిక్ష వేయడమే తప్పు. "అంటే ఏమిటి నాయనా?" అని అడగడానికి ఒక్క నిమిషం పట్టేది. అడగలేకపోవడానికి కారణం కోపం కూడా కాదు. గురువుగారికి తెలియని మాట ఉంటుందా అన్న గర్వం. అడిగినవాడు చిన్నబోతాడని మనం అనుకుంటాం. నిజానికి అడగడమంటే ఎదుటివాడి దగ్గర మనకు లేనిదేదో ఉందని ఒప్పుకోవడం. దానికి వినయమని పేరు.

అయితే మాటల అర్థాలన్నీ నేర్చుకుంటే పిల్లలు మనకు అర్థమైపోతారా? ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. ఇది పాపసంకీర్తనంలో విన్నది కాదు. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన వారంలో ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి పిల్లవాడు రెండు సబ్జెక్టులు తప్పాడు. ఓదార్చబోతే, "లైట్ తీస్కోండి ఫాదర్" అని నవ్వాడు. అప్పటికి ఆ మాట అర్థం నాకు బాగానే తెలుసు. తెలుసు కాబట్టే, వీడికి చీమ కుట్టినట్టయినా లేదు, ఈ కాలపు పిల్లలకు దేనిమీదా పట్టింపు లేదు అనుకొని లేచాను. వాకిట్లో వాళ్ల అమ్మమ్మ నన్ను ఆపింది. "వాడేదో ఇంగిలీషులో అన్నాడు. నాకు తెలవదు స్వామీ. కానీ రెండు రోజులనుంచి కంచంలో చెయ్యి పెట్టి కెలుకుతున్నాడే గాని ముద్ద నోటికి పోవట్లేదు. ఇంకొంచెంసేపు కూర్చోండి" అంది. కూర్చున్నాను. ఆ రాత్రి ఆమె తన చాప తెచ్చి వాడి మంచం పక్కనే పరుచుకొని పడుకుంది. ఆ రాత్రి తాను ఏమి ఆలోచించాడో ఆ పిల్లవాడు చాలా నెలల తర్వాత నాతో చెప్పాడు. అది ఇక్కడ రాయను. పక్కన చాప లేకపోతే ఏమయ్యేదో తనకే తెలియదని మాత్రం అన్నాడు. సప్లిమెంటరీలో పాసయ్యాడు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు.

మాట అర్థం తెలిసిన నేను మనిషిని వినలేదు. మాట అర్థం తెలియని ఆ అమ్మమ్మ మనిషిని విన్నది. అగుస్తీనువారు తన కుమారునితో జరిపిన సంభాషణగా రాసిన చిన్న గ్రంథంలో, మాటలు గుర్తులు మాత్రమేననీ, అవి అసలు వస్తువు వైపు వేలు చూపుతాయే గాని దాన్ని మన చేతిలో పెట్టలేవనీ వాదించారు. ఆ వాదాన్ని నేను సెమినరీలో పరీక్షకోసం చదివాను. దాని అర్థం ఆ వాకిట్లో నేర్చుకున్నాను. పిల్లల మాటలు తెలుసుకోవడానికి ప్రయత్నించండి. తెలియనివి అడగండి. అయినా తెలియకపోతే దిగులుపడకండి. ఎంత ముసలివారికైనా కంచంవైపు చూడటం వచ్చు.

చివరగా, ఆ నులకమంచం మీది తాత దగ్గరకు మళ్లీ వస్తాను. ఆ తర్వాత ఒకరోజు తాతనూ మనవణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మన విచారణ పాత జ్ఞానస్నానాల పుస్తకం తెరిచాను. అందులో రాయప్పలు, చిన్నప్పలు, ఇన్నయ్యలు వరుసగా ఉంటారు. ఈ పేర్లు ఎక్కడివి అని మనవణ్ణి అడిగాను. "పాత పల్లెటూరి పేర్లు ఫాదర్" అన్నాడు. తాతకు తెలుసు. పేతురు అంటే రాయి, కాబట్టి రాయప్ప. లతీనులో పౌలు అంటే చిన్నవాడు, కాబట్టి చిన్నప్ప. ఇగ్నేషియస్ మన నాలుకమీద అరిగి ఇన్నయ్య అయ్యాడు. మన పూర్వులు తమ నోటికి తిరగని పేర్లను తమ నోటికి తగ్గట్టు మలుచుకున్నారు. ఇవాళ పిల్లలు చేస్తున్నదీ అదే పని. మన ఊళ్లో ఎన్నో ఇళ్లలో తాత రాయప్ప, మనవడు పీటర్. ఇద్దరిదీ ఒకే పేరని చాలామంది మనవళ్లకు తెలియదు.

మనవడు కాసేపు పుస్తకంకేసి చూసి, "తాతా, అయితే నువ్వూ పీటరేనా!" అన్నాడు. తాత మొదటిసారి నవ్వాడు. "కాదురా, నువ్వే రాయప్పవి" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు వాళ్లిద్దరూ నన్ను పట్టించుకోలేదు. తోపు అంటే ఏమిటో మనవడు చెప్పాడు. తమ కాలంలో కుర్రాళ్లు పెద్దలకు తెలియకుండా మాట్లాడుకొన్న 'క' భాష ఎలా ఉండేదో తాత చెప్పాడు. ప్రతి అక్షరం ముందూ ఒక క చేర్చి గబగబా మాట్లాడుతుంటే మనవడు నోరు తెరుచుకొని విన్నాడు.

ఈ వారం మీ ఇంట్లో ఒక పని చేయండి. రాత్రి జపమాల అయిన తర్వాత, పెద్దలు పిల్లలను ఒక కొత్త మాటకు అర్థం అడగండి. పిల్లలు పెద్దలను ఒక పాత మాటకు అర్థం అడగండి. పెంతెకోస్తునాడు పవిత్రాత్మ అందరి భాషలనూ ఒక్కటిగా చేయలేదు. ఎవరి భాషలో వారికి వినిపించేట్టు చేశాడు. మన ఇళ్లలోకి ఆయన ఇప్పటికీ ఆ తలుపు గుండానే వస్తాడు.

కీబోర్డు దగ్గర ఇప్పుడు మళ్లీ ఆ కుర్రవాడే కూర్చుంటున్నాడు. పోయిన ఆదివారం పూజ అయ్యాక మెట్ల దగ్గర ఎదురైతే, "ఎలా ఉంది నాయనా ఇవాళ ప్రసంగం?" అని నేనే అడిగాను. కాసేపు ఆలోచించి, మర్యాదగా, "పర్లేదు ఫాదర్" అన్నాడు.

ఆ మాటకు అర్థం అడగవలసిన అవసరం నాకు రాలేదు.